మాస్టరు చదువుకు సైబీరియా నుండి వచ్చిన పిల్లవాడు
(మెండలీఫ్ జీవితం)



మన సైన్సు గదిలో బోర్డు పక్కన ఒక పెద్ద చార్టు వేలాడుతుంది. గళ్ళు గళ్ళుగా ఉంటుంది. పదో తరగతి అక్కలు దాన్ని బట్టీ పడుతుంటే చూసి నాకు భయం వేసేది. ఆ గళ్ళు గీసిన మనిషి ఎవరని ఒకరోజు సారును అడిగాను. మెండలీఫ్ అని చెప్పి, లైబ్రరీలో పుస్తకం తీసి ఇచ్చారు. మళ్ళీ మళ్ళీ అడిగి సారుకు విసుగు తెప్పించాను కూడా. ఆయన పుట్టుకతోనే పెద్ద సైంటిస్టు అనుకున్నాను. కానీ ఆయన మొదట చదివింది మాస్టరు ట్రైనింగు. అది కూడా మనలాగే హాస్టల్లో ఉండి, సర్కారు తిండి తిని చదివాడు. అందుకే ఈ నెల గోడ పత్రికకు ఆయన జీవితం రాస్తున్నాను.

పుట్టిన ఊరు

ఆయన పూర్తి పేరు దిమిత్రి ఇవానోవిచ్ మెండలీఫ్. 1834వ సంవత్సరం ఫిబ్రవరి 8వ తేదీన రష్యా దేశంలో, సైబీరియాలోని తొబోల్స్క్ పట్టణంలో జన్మించాడు. సైబీరియా అంటే చాలా చలి ప్రదేశం. మన ఆదిలాబాదు చలికే మనం పొద్దున స్నానానికి ఏడుస్తాం. అక్కడ చలికాలంలో పెద్ద పెద్ద నదులే గడ్డకట్టి, వాటి మీద బండ్లు నడుస్తాయి.

ఇంట్లో చాలామంది పిల్లలు. అందరికంటే చిన్నవాడు మెండలీఫ్. తండ్రి ఇవాన్ ఆ ఊరి హైస్కూలుకు పెద్దసారు. అప్పట్లో రష్యాలో అటువంటి హైస్కూలును జిమ్నేషియం అనేవారు. మెండలీఫ్ పుట్టిన ఏడాదే తండ్రికి కండ్లు కనబడకుండా పోయాయి. ఉద్యోగం పోయింది. వచ్చే పింఛను అంతమంది పిల్లలకు సరిపోలేదు.

అప్పుడు తల్లి మరియా ఇల్లు మోసింది. ఆమె అన్నకు దగ్గరి పల్లెలో ఒక గాజు ఫ్యాక్టరీ ఉండె. మూతబడిన ఆ ఫ్యాక్టరీని ఆమె చేతిలోకి తీసుకుని మళ్ళీ నడిపింది. ఆడపిల్లలను ఆ రోజుల్లో పెద్ద బడికి పంపేవారు కాదు. ఆమె అన్న పుస్తకాలు చూసి తనంతట తాను చదువు నేర్చుకుందని చెప్తారు. పిల్లవాడు మెండలీఫ్ ఆ ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర నిలబడి చూసేవాడు. ఇసుక కరిగి గాజు అయ్యేది. అతడు చూసిన మొదటి రసాయన శాస్త్రం అదే అని నాకు అనిపించింది. మా ఊర్లో ఇప్పపువ్వు ఉడుకుతుంటే, సున్నం నీళ్ళలో వేస్తే పొగలు వస్తుంటే నేను కూడా అట్లనే నిలబడి చూసేదాన్ని. అది సైన్సు అని అప్పుడు నాకు తెలియదు.

బడిలో మెండలీఫ్‌కు లెక్కలు, భౌతిక శాస్త్రం, చరిత్ర బాగా వచ్చేవి. లాటిన్ భాష మాత్రం అసలు రాలేదు. ఇంట్లో ఎవ్వరూ మాట్లాడని భాషలో పాఠం చదవాలంటే ఎంత కష్టమో మనకు చెప్పనక్కర లేదు. మనం ఒకటో తరగతికి వచ్చినప్పుడు గోండి తప్ప ఏం తెలుసు? సారు తెలుగులో పేరు అడిగితే నేను ఏడ్చానని మా అవ్వ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది.

రెండు దెబ్బలు

1847లో తండ్రి చనిపోయాడు. 1848లో గాజు ఫ్యాక్టరీ కాలిపోయింది. ఆ ఇంటికి ఉన్న రెండు ఆధారాలు రెండేళ్ళలో పోయాయి.

1849లో మెండలీఫ్ హైస్కూలు చదువు అయిపోయింది. అతనికి 15 ఏండ్లు. ఇటువంటి ఇంట్లో ఏం అంటారు? చదువు చాలు, పనికి పో అంటారు. కానీ తల్లి అట్లా అనలేదు. ఉన్నది అమ్ముకుని, చిన్న కొడుకును, కూతురు లిజాను వెంటబెట్టుకుని మాస్కోకు బయలుదేరింది. తొబోల్స్క్ నుండి మాస్కో 2000 కిలోమీటర్ల పైనే. ఆ దారిలో అప్పుడు రైలు లేదు. గుర్రపు బండిలో పోయారు. ఆమెకు అప్పటికే వయసు యాభై దాటింది, ఒంట్లో బాగుండేది కాదు.

ఇంత దూరం పోతే మాస్కో యూనివర్సిటీలో సీటు ఇవ్వలేదు. సైబీరియాలో చదివినవాళ్ళు కజాన్ అనే ఊరి యూనివర్సిటీకే పోవాలని అప్పటి రూలు. మన దగ్గర లోకల్, నాన్ లోకల్ అన్నట్టే. ఆమె వెనక్కి తిరగలేదు. మళ్ళీ బండి కట్టించి 1850లో సెయింట్ పీటర్స్‌బర్గ్ తీసుకపోయింది. అది అప్పటి రాజధాని. అక్కడ డాక్టరు చదువుకు పోదామనుకున్నారు గాని, శవాన్ని కోస్తుంటే చూసి మెండలీఫ్ కళ్ళు తిరిగి పడిపోయాడంట. ఆ దారి కూడా మూసుకుంది.

ఆఖరికి మిగిలింది ఉపాధ్యాయ శిక్షణ సంస్థ. దాని పేరు ప్రధాన పెడగాజికల్ ఇన్‌స్టిట్యూట్. హైస్కూలు మాస్టర్లను తయారు చేసే చోటు. మెండలీఫ్ తండ్రి కూడా అక్కడే చదివి మాస్టరు అయ్యాడు. తండ్రి పాత దోస్తు ఒకాయన అక్కడ సాయం చేశాడు. సీటు వచ్చింది.

సీటు వచ్చిన కొద్ది రోజులకే, 1850 సెప్టెంబరులో తల్లి చనిపోయింది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. అంత దూరం తెచ్చి, గేటు లోపల వదిలి, పోయింది. మా అవ్వ నన్ను మొదటిసారి హాస్టల్లో దింపి పోతున్నప్పుడు వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే నేను వెంటపడతానని. ఆమె సాయంత్రం బస్సుకు పోయింది. నేను సెలవులకు పోయి మళ్ళీ ఆమెను చూశాను. మెండలీఫ్ చూడలేదు. కొన్నాళ్ళకు అక్క లిజా కూడా చనిపోయింది.

మాస్టరు ట్రైనింగు ఎట్లుండేది

ఆ ఇన్‌స్టిట్యూటు పూర్తిగా హాస్టలు బడి. బట్టలు, తిండి, పుస్తకాలు అన్నీ సర్కారువే. దానికి బదులు చదువు అయినాక కొన్నేండ్లు సర్కారు ఎక్కడ వేస్తే అక్కడ మాస్టరుగా పని చెయ్యాలి. పద్ధతులు చాలా గట్టిగా ఉండేవి.

ఒక్కటి మాత్రం గొప్పగా ఉండె. ఆ సంస్థ, యూనివర్సిటీ ఒకే బిల్డింగులో ఉండేవి. యూనివర్సిటీలో చెప్పే పెద్ద పెద్ద ప్రొఫెసర్లే ఇక్కడా పాఠాలు చెప్పేవారు. రసాయన శాస్త్రం చెప్పిన సారు పేరు వొస్క్రెసెన్‌స్కీ. భౌతిక శాస్త్రం లెంజ్ సారు. కరెంటు పాఠంలో లెంజ్ నియమం అని వస్తుందే, ఆ లెంజే. పెద్ద సైన్సు తెలిసినవాళ్ళే చిన్న పిల్లల మాస్టర్లను తయారు చేశారన్నమాట. బడి మాస్టరుకు పుస్తకంలో ఉన్నంత తెలిస్తే చాలు అని వాళ్ళు అనుకోలేదు. లోతుగా తెలియాలి, ప్రయోగం చేతితో చేసి ఉండాలి. అప్పుడే పిల్లలు అడిగిన దానికి జవాబు చెప్పగలడు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతి రాస్తున్నాను, అందరూ చదవండి. మొదటి ఏడాది మెండలీఫ్‌కు మార్కులు చాలా తక్కువ వచ్చాయి. దాదాపు అన్నింట్లో వెనకబడ్డాడు. పైగా రోగం వచ్చింది. దగ్గితే రక్తం పడేది. డాక్టర్లు టి.బి. అనుకున్నారు. ఎన్నోసార్లు ఆ సంస్థ ఆసుపత్రి గదిలోనే పడుకున్నాడు. ఎక్కువ రోజులు బతకడని కూడా అనుకున్నారు. అతడు మంచం మీదే పుస్తకాలు పెట్టుకుని చదివాడు, రాశాడు. పోను పోను మార్కులు పెరిగాయి. చదువు పూర్తి కాకముందే ఖనిజాలను పరీక్ష చేసి వాటిలో ఏమేం ఉన్నాయో వ్యాసం రాస్తే అచ్చు అయింది.

1855లో బంగారు పతకంతో పాసయ్యాడు. సీనియర్ ఉపాధ్యాయుడు అనే అర్హత ఇచ్చారు. అంటే హైస్కూల్లో పాఠం చెప్పడానికి సర్కారు ఇచ్చిన లైసెన్సు. అప్పటికి 21 ఏండ్లు.

మొదటి పోస్టింగు

రోగం ఉంది కాబట్టి వెచ్చటి దక్షిణ ప్రాంతానికి పంపమన్నారు. అతడు ఒడెస్సా కావాలనుకున్నాడు. వేసింది సింఫెరోపోల్ అనే ఊరికి. అది క్రిమియాలో ఉంది. అప్పుడు అక్కడ క్రిమియా యుద్ధం జరుగుతోంది. ఊరంతా గాయపడ్డ సిపాయిలే. బడి మూసి ఉంది. కొత్త మాస్టరు వచ్చాడు గాని పిల్లలు లేరు, క్లాసు లేదు.

అక్కడే ఒక మంచి జరిగిందని చెప్తారు. పిరొగోవ్ అనే పేరుమోసిన డాక్టరు సిపాయిలకు ఆపరేషన్లు చేస్తూ అక్కడ ఉన్నాడు. ఆయన మెండలీఫ్‌ను పరీక్ష చేసి, ఇది చచ్చిపోయే రోగం కాదని ధైర్యం చెప్పి పంపాడంట. ఆ మాట నిజమైంది. ఆ తర్వాత మెండలీఫ్ 50 ఏండ్లకు పైగా బతికిండు.

తర్వాత ఒడెస్సాలో హైస్కూలు మాస్టరుగా కొన్ని నెలలు పని చేశాడు. లెక్కలు, సైన్సు చెప్పాడు. పగలు పాఠం, రాత్రి తన చదువు. 1856లో పీటర్స్‌బర్గ్ వచ్చి పై పరీక్ష పాసయ్యాడు. 1857 నుండి యూనివర్సిటీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. 1859లో జర్మనీ దేశం హైడెల్‌బర్గ్‌కు పోయి రెండేళ్ళు పరిశోధన చేశాడు. 1860లో కార్ల్స్రూహె ఊర్లో రసాయన శాస్త్రవేత్తల పెద్ద సభ జరిగింది. అక్కడ ఇటలీ దేశపు కనిజారో పరమాణు భారాలు సరిగ్గా ఎట్లా లెక్క కట్టాలో వివరించాడు. అది మెండలీఫ్ మనసులో నిలిచిపోయింది. 1867లో పీటర్స్‌బర్గ్ యూనివర్సిటీలో రసాయన శాస్త్రం ప్రొఫెసరు అయ్యాడు.

చార్టు ఎట్లా పుట్టింది

చార్టు మాస్టరు పనిలో నుండే పుట్టింది. విద్యార్థులకు చెప్పడానికి రష్యన్ భాషలో మంచి పుస్తకం కనబడలేదు. అందుకని ఆయనే రసాయన శాస్త్ర మూలాలు అనే పుస్తకం రాయడం మొదలుపెట్టారు. మొదటి భాగంలో కొన్ని మూలకాలే అయిపోయాయి. అప్పటికి తెలిసిన మూలకాలు 63. ఇంకా 50కి పైగా మిగిలాయి. ఏది ముందు చెప్పాలి, ఏది వెనక చెప్పాలి? పిల్లలకు అర్థమయ్యే వరుస ఏది? ఇదీ ఆయన సమస్య.

మూలకాల పేర్లు, పరమాణు భారాలు, గుణాలు కార్డుల మీద రాసుకుని పేకముక్కల లాగా అటు ఇటు పెట్టి చూశారని చెప్తారు. భారం ప్రకారం వరుసగా పెడితే కొంత దూరం పోయాక అదే గుణం మళ్ళీ వస్తోంది. చూడండి. లిథియం 7, సోడియం 23, పొటాషియం 39. మూడూ మెత్తటి లోహాలే, మూడూ నీళ్ళలో వేస్తే చర్య జరుపుతాయి. 7కు 16 కలిపితే 23. 23కు 16 కలిపితే 39. ఇది నేను నోటుబుక్కులో చేసి చూసుకున్నాను. ఒకే గుణం ఉన్నవాటిని ఒక కుటుంబంలో పెట్టాలి. మన గోండుల్లో నాలుగు దేవుళ్ళ వాళ్ళు, అయిదు దేవుళ్ళ వాళ్ళు, ఆరు, ఏడు అని సగలు ఉన్నట్టే, మూలకాలకు కూడా సగలు ఉన్నాయని నేను గుర్తు పెట్టుకున్నాను. దానితో భయం సగం పోయింది.

1869 మార్చి 1వ తేదీన ఆ పట్టిక తయారైంది. రాత్రి కలలో కనిపించిందని ఒక కథ ఉంది. కల వచ్చిందో లేదో గాని, ఎన్నో ఏండ్లుగా దాని గురించి ఆలోచించారన్నది నిజం. అదే కాలంలో జర్మనీలో లోథర్ మేయర్ కూడా ఇట్లాంటి పట్టిక చేశారు. కానీ మెండలీఫ్ ఒక ధైర్యం పని చేశారు. వరుస కుదరని చోట ఖాళీ గడి వదిలారు. ఇక్కడ ఒక మూలకం ఉంది, ఇంకా దొరకలేదు, దాని భారం ఇంత, గుణం ఇట్లా ఉంటుంది అని 1871లో రాసిపెట్టారు.

వాటికి తాత్కాలికంగా పేర్లు పెట్టారు. ఏక అల్యూమినియం, ఏక బోరాన్, ఏక సిలికాన్. ఆ ఏక అన్నది సంస్కృతం మాట. మనం ఏకం, ద్వితీయం అంటామే, అదే. రష్యా సారు రాసిన దానిలో మనకు తెలిసిన మాట కనబడితే చాలా సంతోషం అనిపించింది.

చాలామంది నమ్మలేదు. 1875లో ఫ్రాన్సులో గాలియం దొరికింది. అది ఏక అల్యూమినియమే. దొరికించినాయన దాని సాంద్రత 4.7 అన్నారు. మెండలీఫ్, గాలియంను కళ్ళతో కూడా చూడకుండానే, 5.9 దగ్గర ఉండాలి, మళ్ళీ కొలవమని రాశారు. శుభ్రం చేసి మళ్ళీ కొలిస్తే 5.9 వచ్చింది! గాలియం 30 డిగ్రీల లోపే కరుగుతుంది. ఎండాకాలం మన రేకుల గదిలో పెడితే దానంతట అదే నీరు అవుతుంది. 1879లో స్వీడన్‌లో స్కాండియం దొరికింది. 1886లో జర్మనీలో జెర్మేనియం దొరికింది. దాని పరమాణు భారం 72 ఉంటుందని మెండలీఫ్ రాశారు. ఇప్పటి లెక్క 72.6. ఆ తర్వాత నమ్మనివాళ్ళు లేరు.

ఆయనకు అన్నీ తెలుసు అని కాదు. పరమాణువులో ఎలక్ట్రాన్లు ఉన్నాయంటే ముసలితనంలో ఆయన తొందరగా ఒప్పుకోలేదు. పట్టికకు అసలు ఆధారం భారం కాదు, పరమాణు సంఖ్య అని 1913లో మోస్లీ చూపించాడు. అప్పటికి మెండలీఫ్ లేరు. కోపం కూడా ఎక్కువ అంటారు.

విద్యార్థుల పక్షం

పీటర్స్‌బర్గ్‌లో 1878లో ఆడపిల్లల కోసం పై చదువుల కోర్సులు మొదలయ్యాయి. యూనివర్సిటీ వాళ్ళను చేర్చుకోదు కాబట్టి. మెండలీఫ్ అక్కడ కూడా పాఠాలు చెప్పారు.

1890లో విద్యార్థులు తమ కష్టాలు, కోరికలు రాసి ఒక అర్జీ తయారు చేశారు. మంత్రికి ఇమ్మని మెండలీఫ్ సారు చేతిలో పెట్టారు. ఆయన తీసుకపోయి ఇచ్చారు. మంత్రి దాన్ని తీసుకోకుండా తిప్పి పంపాడు. నీ పని నువ్వు చూసుకో అన్నట్టు. మెండలీఫ్ ఉద్యోగం వదిలేశారు. 30 ఏండ్లకు పైగా పాఠం చెప్పిన చోటు అది. మన మాట పట్టుకుని పై ఆఫీసుకు పోయే సారు ఉంటే పిల్లలకు ఎంత బలమో!

తర్వాత 1893 నుండి తూనికలు కొలతల సంస్థకు పెద్దగా పని చేశారు. 1899లో రష్యాలో కిలో, మీటరు వాడవచ్చని చట్టం రావడానికి ఆయన పని కారణం. ముసలితనంలో మాస్టర్లను తయారు చేసే కొత్త సంస్థ ఎట్లా ఉండాలో ఒక ప్లాను రాశారు. తాను చదివిన పాత సంస్థ 1859లోనే మూతబడింది. అయినా ఆయన దాన్ని మరిచిపోలేదు.

1887లో ద్రావణాల మీద రాసిన పెద్ద పుస్తకాన్ని తల్లికి అంకితం ఇచ్చారు. 1907 ఫిబ్రవరి 2న చనిపోయారు. అంతిమయాత్రలో విద్యార్థులు ఆ పట్టికను పైకి పట్టుకుని నడిచారంట. పీటర్స్‌బర్గ్‌లో తల్లి సమాధి ఉన్న శ్మశానంలోనే ఆయనను కూడా పెట్టారు. 1955లో దొరికిన 101వ మూలకానికి మెండలీవియం అని పేరు పెట్టారు. ఇప్పుడు చార్టులో 118 గళ్ళు నిండాయి.

నేను ఎందుకు రాశాను

నాకు సైన్సు మాస్టరమ్మ కావాలని ఉంది. మన బడికి కావాలి. గోండిలో అడిగితే గోండిలో అర్థం చెప్పే కెమిస్ట్రీ టీచరు నాకు ఎక్కడా కనబడలేదు. దారి ఏంటని సారును అడిగాను. పది, ఇంటర్లో సైన్సు, డిగ్రీలో కెమిస్ట్రీ, తర్వాత ఎడ్‌సెట్ రాసి రెండేళ్ళు బి.ఇడి., తర్వాత టెట్, ఆ తర్వాత డీఎస్సీ. వేళ్ళ మీద లెక్కపెడితే చాలా ఏండ్లు. మొన్నటి పరీక్షలో భౌతిక రసాయన శాస్త్రంలో నేను పాస్ కాలేదు. అది ఇక్కడ రాయడానికి సిగ్గుగా ఉంది. కానీ మెండలీఫ్ మొదటి ఏడాది మార్కులు తెలిశాక రాయగలుగుతున్నాను.

ఇంకొక మాట. దీపావళి సెలవులకు మనమందరం దండారికి ఇంటికి పోయాం. నా పక్కన పడుకునే దోస్తు తిరిగి రాలేదు. పత్తి ఏరడానికి పోతోందని, ఇక పంపరని వాళ్ళ ఊరి పిల్ల చెప్పింది. ఆమె పెట్టె ఇంకా నా పెట్టె పక్కనే ఉంది. లెక్కల్లో ఆమె నాకంటే బాగా చేస్తుంది. ఆమె గడి మనం కొట్టివేయకూడదు. ఖాళీగా ఉంచాలి. అక్కడ ఒకరు ఉన్నారని మనకు తెలుసు కాబట్టి.

వార్డెన్ మేడం గారికి నా మనవి. సంక్రాంతి లోపల ఒక్కసారి వాళ్ళ ఇంటికి పోయి వాళ్ళ అవ్వతో మాట్లాడగలరు. నేను కూడా వస్తాను. మెండలీఫ్ వాళ్ళ అవ్వ కథ గోండిలో నేను చెప్తాను.

తప్పులు ఉంటే క్షమించండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని